ఇంటి వెనక కట్టిన కారు

అమెరికా వచ్చిన కొత్తలో ఒక హైవే మీద మొదటిసారి చూశాను. ఆర్టీసీ బస్సంత బండి ముందు పోతోంది. దాని వెనక రెండు ఇనప చేతులతో తగిలించిన చిన్న కారు, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతూ. కారులో ఎవరూ లేరు. మలుపు వచ్చినప్పుడు స్టీరింగు మాత్రం తనంతట తనే తిరుగుతోంది.

మన దగ్గర దారిలో ఆగిపోయిన కారుని లారీకి తాడుకట్టి లాక్కెళ్ళడం చూసిందే. కానీ అప్పుడు లోపల ఒక మనిషి ఉండితీరాలి, బ్రేకు మీద కాలు పెట్టుకుని, ముందు లారీ ఆగితే తానూ ఆపడానికి. ఇక్కడ ఆ మనిషి లేడు. పాపం ఎవరి కారో పాడైంది, పైగా నిర్లక్ష్యంగా లాక్కుపోతున్నారు అనుకున్నాను. ఆ వేసవిలోనే అలాంటివి ఇంకో పది కనిపించాక గానీ అది పాడైన కారు కాదని అర్థం కాలేదు.

ఇక్కడి వాళ్ళు దాన్ని ముద్దుగా 'టోడ్' అంటారు. లాగబడేది అనే మాటా, కప్ప అనే మాటా ఇంగ్లీషులో ఒకేలా పలుకుతాయి, అదీ సరదా. కాస్త మర్యాదగా చెప్పేవాళ్ళు 'డింగీ' అంటారు. పెద్ద పడవ వెనక కట్టుకుపోయే చిన్న పడవ పేరది. మా పిన్ని ఈ రెండూ విని, "అంటే బండి వెనక దూడన్నమాట," అంది. నాకు మూడింట్లో అదే బాగుంది.

పిన్ని ఈ కథలోకి ఎలా వచ్చిందంటే, 2016లో మా బాబాయ్ రిటైరయ్యి, డాలస్ పక్కన ఉన్న ఇల్లు అద్దెకిచ్చేసి, ముప్ఫై నాలుగు అడుగుల పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. "రెండేళ్ళు ఈ దేశమంతా తిరుగుతాంరా. వెనక కట్టుకోడానికి ఓ కారు చూసిపెట్టు," అని నాకు ఫోను. కారు చూడ్డమంటే రంగూ, మైలేజీ, ధరా అనుకున్నాను. నెలరోజులు పాత కార్ల మాన్యువళ్ళూ, పాత పత్రికలూ తిరగేశాక తెలిసింది ఇది వేరే లోకమని. ఈ పని కోసమని దాదాపు ఏ కంపెనీ కారు తయారు చెయ్యలేదు. ఇంకేవో కారణాలతో ఇంజనీర్లు తీసుకున్న నిర్ణయాల పుణ్యాన కొన్ని కార్లు దీనికి పనికొచ్చాయి. ఇంకేవో కారణాలతోనే ఇప్పుడు ఒక్కొక్కటీ పనికిరాకుండా పోతున్నాయి.

అసలీ అవసరం ఎక్కణ్ణుంచి పుట్టింది? 1910లోనే పియర్స్-యారో అనే కంపెనీ పడుకోడానికి వీలైన ఖరీదైన కారుని న్యూయార్కులో ప్రదర్శించింది. అది డబ్బున్నవాళ్ళ ముచ్చట. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో 'టిన్ కాన్ టూరిస్ట్స్' అని ఒక సంఘం మొదలైంది. వాళ్ళు మామూలు జనం. ఫోర్డు మోడల్-టీ కార్లకి గుడారాలు కట్టుకుని, డబ్బాల్లో ఆహారం తింటూ తిరిగేవారు. 1930లు వచ్చేసరికి కారు వెనక ఇల్లు కట్టుకోవడం మొదలైంది. వాలీ బయమ్ అనే ఆయన 1931లో పెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ వెండి గుడ్ల లాంటి ట్రెయిలర్లు ఇప్పటికీ తయారు చేస్తూనే ఉంది. ట్రెయిలరుతో ఒక సుఖం ఉంది. ఊరు చేరాక ఇంటిని విప్పి చెట్టుకింద వదిలేస్తే, లాగిన కారు మీదే ఊళ్ళోకి పోవచ్చు.

ఆ ఇంటికే ఇంజను పెడితే? 1950ల చివర్లో, 60ల్లో ఈ ఆలోచన బలపడింది. పాత బస్సులు కొని, సీట్లు పీకేసి, మంచాలూ పొయ్యీ అమర్చుకునేవాళ్ళు దేశంలో అక్కడక్కడా ఉండేవారు. 1963 జులై 20న సంపూర్ణ సూర్యగ్రహణం. అది బాగా కనిపిస్తుందని 26 కుటుంబాలు ఇలాంటి బండ్లేసుకుని మెయిన్ రాష్ట్రంలోని హింక్లీ అనే ఊరికి చేరాయి. గ్రహణం చూశారు, అక్కడే ఒక సంఘం పెట్టుకున్నారు. ఫ్యామిలీ మోటర్ కోచ్ అసోసియేషన్ పుట్టుక అది. మనవాళ్ళు గ్రహణం పూట గడప దాటరు. వీళ్ళు గడపతో సహా బయల్దేరి వచ్చారు. మూడేళ్ళకి, 1966లో, అయోవాలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్ళో విన్నెబేగో కంపెనీ మోటర్‌హోములు తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా చేతిపనిగా ఉన్నదాన్ని ఫ్యాక్టరీ పనిగా మార్చి, మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చింది. చాలా ఏళ్ళు అమెరికాలో ఏ మోటర్‌హోమ్‌నైనా జనం విన్నెబేగో అనేవారు, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు.

ఇంటికి ఇంజనొచ్చింది సరే. కొత్త చిక్కూ వచ్చింది. క్యాంపుకి చేరాక నీటి గొట్టం తగిలించాలి, కరెంటు తీగ తగిలించాలి, మురుగు గొట్టం తగిలించాలి, నేల వాలుని బట్టి బండిని సమంగా నిలబెట్టాలి. ఇదంతా అయ్యాక పాలు లేవని గుర్తొస్తుంది. పాల ప్యాకెట్టు తేవాలంటే ఇవన్నీ విప్పి, గిన్నెలు కిందపడకుండా అలమరలు బిగించి, ఇల్లంతా కదలాలి. ఇంటిని వదలకుండా ఊరు తిరగొచ్చని కొన్న బండి, ఇంటిని వదిలి ఊళ్ళోకి పోవడాన్ని అసాధ్యం చేసింది. దీనికి జవాబుగానే వెనక చిన్న కారు వచ్చి చేరింది.

మొదట్లో ఎక్కువగా కనిపించిన వాటిలో ఒకటి ఫోక్స్‌వాగన్ బీటిల్. తేలిక కారు, సుమారు 800 కిలోలు. ఇంజను వెనకుంటుంది, ముందు చక్రాల మధ్య బలమైన గొట్టాల్లాంటి ఇరుసు ఉంటుంది. ఆ గొట్టాలకి నేరుగా బిగించుకునే టో-బార్లు చవగ్గా దొరికేవి. ఆ కారు రూపకర్తలు ఆ గొట్టాలు పెట్టింది సస్పెన్షన్ కోసం. అవే పట్టుకోడానికి పిడిలా కుదిరాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన అమెరికాలో, గాలను పోస్తే ఏడెనిమిది మైళ్ళు పోయే ఇంటిని చీటికీ మాటికీ కదిలించడం ఇంకా కష్టమైంది. చిన్న కారు విలువ అప్పుడింకా పెరిగింది.

అయితే ఏ కారునైనా ఎందుకు కట్టుకోకూడదు? నాకు కారమ్మజూపిన మొదటి డీలరు ఇదే అన్నాడు: "న్యూట్రల్‌లో పెడితే ఏదైనా లాగొచ్చు." అతని మాట విని ఉంటే బాబాయ్ మొదటి వందల మైళ్ళలోనే ఒక గేర్‌బాక్స్ కాల్చుకునేవాడు. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనెని తిప్పే పంపు ఇంజనుతో నడుస్తుంది. ఇంజను ఆగిందా, పంపూ ఆగినట్టే. కానీ చక్రాలు రోడ్డు మీద దొర్లుతుంటే గేర్‌బాక్సులో కొన్ని భాగాలు వాటితో పాటు తిరుగుతూనే ఉంటాయి, నూనె అందకుండా. కందెన పెట్టని ఇరుసుతో ఎడ్లబండిని తోలితే ఏమవుతుందో మన తాతల్ని అడగాలి. అక్కడ ఇరుసు అరిచి చెప్పేది. ఇక్కడ ముందు బండిలో కూర్చున్నవాడికి ఏమీ వినపడదు. వందమైళ్ళ తర్వాత అద్దంలో పొగ కనిపిస్తుంది.

మాన్యువల్ గేర్లున్న చాలా కార్లలో ఈ పంపు గొడవ లేదు. తిరిగే గేర్లే అడుగునున్న నూనెని పైకి చిమ్ముకుంటాయి. ఇక జీపు లాంటి ఫోర్-వీల్ బండ్లలో గేర్‌బాక్సుకీ చక్రాలకీ మధ్య ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటుంది. దానికి సొంతంగా ఒక న్యూట్రల్ ఉంటే, అందులో పెట్టగానే చక్రాలకీ గేర్‌బాక్సుకీ సంబంధమే తెగిపోతుంది. చక్రాలు ఎన్ని వేల మైళ్ళు తిరిగినా గేర్‌బాక్సు నిద్రపోతుంటుంది. జీప్ రాంగ్లర్ దశాబ్దాలుగా ఈ పనిలో రాజు కావడానికి కారణం ఇదే.

ఇక్కడ నాకు ఒక చుట్టం తగిలాడు. 1980ల్లో మోటర్‌హోముల వెనక బాగా కనిపించిన చిన్న బండ్లలో సుజుకీ సమురాయ్ ఒకటి. ఫొటో చూడగానే ఎక్కడో చూశానే అనిపించింది. ఇంకెవరు, మన మారుతీ జిప్సీ! అక్కడ సమురాయ్ అమ్మకానికొచ్చిన 1985లోనే ఇక్కడ జిప్సీ వచ్చింది. కాస్త పొడవులో తేడా ఉంది. మా చిన్నప్పుడు జిప్సీ అంటే పోలీసులు, లేకపోతే మిలిటరీ. సైరన్ మోగకుండా జిప్సీ వస్తే వీధిలో ఇంకా భయం. దాని కవల తమ్ముడు అదే కాలంలో అరిజోనా ఎడారిలో రిటైరైన దంపతుల ఇంటి వెనక బుద్ధిగా దొర్లుకుంటూ పోయాడన్నమాట.

మాన్యువల్, లేకపోతే జీపు. జాబితా సులువుగానే ఉంది. పిన్నికి చెప్పాను. "నాకు ఆ కాలితో తొక్కే గేర్లు రావు. జీపెక్కాలంటే నిచ్చెన కావాలి," అంది. బాబాయ్ వెంటనే, "నేను తోలతాగా," అన్నాడు. పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాకు విడిగా ఫోను చేసింది. "చూడు నాన్నా, ఆ బస్సు నేను జన్మలో తోలలేను. ఎక్కడో అడవి మధ్యలో మీ బాబాయికి గుండెనొప్పొస్తే హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్ళాలి? ఈ కారు నా కోసం. నేను తోలగలిగేదే చూడు."

ఆ మాటతో నాకు ఈ చరిత్ర మొత్తం ఇంకోలా కనిపించింది. పాత పత్రికల్లో ప్రకటనలు మళ్ళీ తిరగేశాను. పెద్దబండి స్టీరింగు దగ్గర ఎప్పుడూ ఆయనే. వెనక కారుకి సంబంధించిన వ్యాసాల్లోనూ బరువులు, బోల్టులు, ఆయన సమస్యలే. కానీ ఆయన పడుకున్నప్పుడు, ఆయన చేపలు పడుతున్నప్పుడు, ఆయనకి ఒంట్లో బాగాలేనప్పుడు ఆ ప్రయాణంలో ఆమెకి కదలగలిగే దారి ఆ చిన్న కారొక్కటే. లాగడానికి అన్నిటికంటే వీలైన కార్లేమో గేర్లు మార్చాల్సినవి. అమెరికాలోనేమో ఆటోమేటిక్ తప్ప ఇంకోటి తోలడం రానివాళ్ళే అంతకంతకూ ఎక్కువ. ఆటోమేటిక్ అయ్యుండీ లాగడానికి వీలయ్యే కారుకి అందుకే అంత గిరాకీ.

అలాంటివి ఉన్నాయి. హోండా కంపెనీ 1968 నుంచీ అందరి దారిలో పోకుండా తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుని మాన్యువల్ పెట్టెలాగా పక్కపక్కన ఉండే షాఫ్టులతో కట్టుకుంటూ వచ్చింది. ఎవరి ఇంటి వెనకో కట్టాలని కాదు. కానీ దానివల్ల కొన్ని హోండా ఆటోమేటిక్కులు నాలుగు చక్రాల మీద లాగడానికి పనికొచ్చాయి. జనరల్ మోటర్స్ వాళ్ళ శాటర్న్ చిన్నకార్లదీ అదే తరహా. 1990లో మొదలైన ఆ కార్లని మోటర్‌హోమ్ జనం ఎంత ఇష్టపడ్డారంటే, 2010లో ఆ బ్రాండే మూతపడ్డాక కూడా పాతవి వెతికి కొనుక్కునేవారు.

మోటర్‌హోమ్ అనే పత్రిక ఏటా డింగీల గైడ్ అచ్చేసేది. ఆ ఏడు కొత్త కార్లలో వేటిని లాగొచ్చో, ఎంత వేగం మించకూడదో, ఎన్ని గంటలకోసారి ఆగాలో పట్టికలు. నాకు పంచాంగం చూసినట్టే ఉండేది. అందులో ఉన్నా సరే, చివరి మాట మాత్రం ఆ కారు మాన్యువల్‌దే. ఎందుకంటే ఒకే పేరున్న కారు ఒక ఏడాది పనికొస్తుంది, మరుసటేడు పనికిరాదు. హోండా సీఆర్-వీ 2014 దాకా లాగొచ్చు. 2015లో దానికి సీవీటీ అనే కొత్తరకం గేర్‌బాక్సు పెట్టారు, అంతే, అయిపోయింది. బయటినుంచి చూస్తే రెండూ అన్నదమ్ములే.

మేం 2014ది కొన్నాం. పిన్ని షోరూములో అడిగిన ప్రశ్న ఒకటే: వెనక నలభై పౌండ్ల సోనామసూరి బస్తాలు ఎన్ని పడతాయని.

కొన్నాక అసలు పని మొదలైంది. ముందు లెక్క. బాబాయ్ బండి వెనక కొక్కేనికి 5,000 పౌండ్లు లాగే బలం ఉందని రాసుంది. మన కారు సుమారు 3,500. చాలనుకుంటాం. కానీ బండి నిండా సామాను వేసుకుంటే 22,000 పౌండ్లు, బండీ కారూ కలిపి మించకూడని హద్దు 26,000. అంటే మిగిలేది 4,000 మాత్రమే. కొక్కెం చెప్పేదొకటి, బండి మొత్తం చెప్పేదొకటి, తక్కువదే నమ్మాలి. పిన్ని కారు డిక్కీలో సర్దుకున్న పచ్చళ్ళ జాడీల గురించి బాబాయ్ అప్పుడు మొదటిసారి ఆలోచించాడు.

తర్వాత బేస్ ప్లేటు. ఇది కారు ముందు బంపర్ ఊడదీసి, లోపలి చట్రానికి బోల్టులతో బిగించే ఇనప దిమ్మ. బయటికి రెండు చెవులు మాత్రమే కనిపిస్తాయి. వాటికి టో-బార్ చేతులు తగులుతాయి. ఆ బార్ నేలకి సమంగా ఉండాలి. రెండు చివర్లకీ మూడు నాలుగు అంగుళాలకి మించి ఎత్తు తేడా ఉంటే సడన్ బ్రేకు వేసినప్పుడు కారు బండి కిందకి దూరడమో, పైకెక్కడమో జరుగుతుంది. కింద రెండు సేఫ్టీ కేబుళ్ళు, ఒకదాన్నొకటి దాటుతూ కట్టాలి, బార్ ఊడితే ఆ ఒడిలో పడేలా. పెద్దబండి బ్రేకు లైటు వెలిగితే చిన్న కారుదీ వెలగాలి, దానికి వేరే వైరింగు.

ఇక బ్రేకు. మన ఊళ్ళో తాడుకట్టిన కారులో కూర్చునే మనిషి పని ఇక్కడ ఒక పెట్టె చేస్తుంది. డ్రైవరు సీటు ముందు పెడతారు. దానికో చెయ్యి, ఆ చెయ్యి బ్రేకు పెడలుని పట్టుకునుంటుంది. పెద్దబండి వేగం తగ్గుతోందని పసిగట్టి పెడలు తొక్కుతుంది. ఇంజను ఆగిన కారు బ్రేకు ఎంత బిగుసుకుపోతుందో తొక్కి చూసినవాళ్ళకి తెలుసు, అందుకే దానికి గట్టి చెయ్యి కావాలి. ఇవన్నీ విఫలమై కారు పూర్తిగా విడిపోతే, ఒక సన్నటి తీగ తెగి, పిన్ను ఊడి, ఆ పెట్టె కారుని తనంతట తనే ఆపేస్తుంది. ఈ పెట్టె లేకుండా తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంతబరువు బండికి అదో లెక్కా అంటారు. మూడున్నర వేల పౌండ్లు కొండ దిగుతూ వీపుమీద తోస్తుంటే తెలుస్తుంది లెక్కేమిటో.

ఇన్నీ అయ్యాక బయల్దేరే ముందు ఒక తంతు. మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి: ఇంజను స్టార్ట్ చెయ్యి, గేరు డ్రైవ్‌లోకి తీసుకెళ్ళు, అక్కణ్ణుంచి న్యూట్రల్‌కి రా, మూడు నిమిషాలు ఇంజను నడవనివ్వు, ఆపు, స్టీరింగు బిగుసుకోకుండా తాళం ఒక మెట్టు మీదే ఉంచు. 65 మైళ్ళ వేగం దాటకు. ఎనిమిది గంటలు దాటితే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యి. పిన్ని దీన్ని ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని, సన్ వైజరుకి క్లిప్పు పెట్టింది. సంకల్పం చెప్పుకున్నట్టు వరసగా చదువుతూ చేసేది. బాబాయ్ ఎంత తొందరపెట్టినా ఆ మూడు నిమిషాలు మూడు నిమిషాలే.

నేను మర్చిపోయింది ఒకటుంది. తాళం అలా ఉంచితే బ్యాటరీ కొంచెం కొంచెం ఖాళీ అవుతుంది, ఒక ఫ్యూజు తీసేయాలి. మొదటి ప్రయాణంలో సాయంత్రానికి క్యాంపు చేరి, కూరగాయలకని పిన్ని కారెక్కితే, టిక్కుమని కూడా అనలేదట. ఆ రాత్రి ఇద్దరూ పులిహోర పొడి కలుపుకు తిన్నారు. తిట్లు మాత్రం నాకు ఫోనులో వేడివేడిగా వచ్చాయి.

అన్నిటికంటే విచిత్రమైన సంగతి, ఈ జోడు బండి వెనక్కి పోలేదు. ట్రెయిలరుని వంకరగానైనా వెనక్కి తోయొచ్చు. నాలుగు చక్రాల మీదున్న కారుని తోస్తే దాని ముందు చక్రాలు ఇష్టమొచ్చిన పక్కకి పూర్తిగా తిరిగిపోయి అడ్డంగా ఈడ్చుకుపోతాయి, టో-బార్ వంగుతుంది. నాలుగడుగులు కూడా రివర్సు కుదరదు, విప్పాల్సిందే. న్యూమెక్సికోలో ఒక పెట్రోలు బంకులో బాబాయ్ చూసుకోకుండా లోపలికి తిప్పాడు, ఎదురుగా గోడ. వెనక మూడు కార్లు హారన్లు. దిగి పిన్నులు లాగితే రావడంలేదు, బండి వంకరగా ఆగడంతో బార్ బిగుసుకుపోయింది. బాబాయ్ సుత్తి కోసం వెతుకుతున్నాడు. పిన్ని వెళ్ళి కారెక్కి, స్టార్ట్ చేసి, ఒక్క అంగుళం ముందుకి కదిపింది. పిన్నులు వాటంతట అవే వదులయ్యాయి. ఆ తర్వాత రెండేళ్ళూ కట్టడం, విప్పడం పిన్ని పనే. బంకులోకి తిరిగే ముందు దిగి నడిచి చూసొచ్చేది కూడా ఆమే.

ఇప్పుడు నన్ను ఎవరైనా కొత్త కారు చూసిపెట్టమంటే నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మాన్యువల్ గేర్లు అమెరికా షోరూముల్లో దాదాపు మాయమయ్యాయి. సీవీటీలు చాలావరకు పనికిరావు. తాళం బదులు బటనొచ్చి, లీవరు బదులు మోటారుతో బిగిసే హ్యాండ్‌బ్రేకొచ్చి, న్యూట్రల్ అనేది మనం పెట్టేది కాకుండా కంప్యూటరు ఒప్పుకునేది అయ్యింది. ఫోర్డు హైబ్రిడ్లు కొన్ని ఆశ్చర్యంగా ఒప్పుకున్నాయి. ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరే, చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, న్యూట్రల్ అన్నా పూర్తిగా విడిపోదు. టెస్లా మాన్యువల్ నాలుగు చక్రాలూ నేలకి ఆనకుండా తీసుకెళ్ళమంటుంది. అలాంటి వాటికి ట్రెయిలర్లున్నాయి. కానీ వాటి బరువు వేరే, క్యాంపులో వాటిని ఎక్కడ పెట్టాలన్నది వేరే తలనొప్పి. జీపులు మాత్రం ఇంకా ఆ చిన్న పెట్టెనీ, దాని న్యూట్రల్‌నీ పట్టుకునే ఉన్నాయి.

బాబాయికి కళ్ళలో నీరుకాసులు వచ్చి పక్కచూపు తగ్గడంతో 2019లో పెద్దబండి అమ్మేశారు. కారు అమ్మనివ్వలేదు పిన్ని. మీటరు మీద 41,000 మైళ్ళే ఉంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ మీటరు లెక్కపెట్టదు. బాబాయ్ నోటుపుస్తకం ప్రకారం అది వెనక దొర్లుకుంటూ పోయింది ఇంకో 23,000. టైర్లు మార్చిన మెకానిక్ మీటరు చూసి, టైర్లు చూసి, మళ్ళీ మీటరు చూశాడట.

కారు ముందు ఆ రెండు ఇనప చెవులు అలాగే ఉన్నాయి. ఇండియన్ స్టోరు పార్కింగులో ఎవరో ఒకరు అవేంటాంటీ అని అడుగుతుంటారు. తీయించేద్దామా అని మొన్న అడిగాను. "బంపరంతా విప్పాలటగా, ఎందుకులే," అని, డిక్కీలో బియ్యం బస్తా సర్దమని నాకు తాళాలిచ్చింది.